సగం చేప

నాగమణి పుట్టింట్లో నాలుగు రోజులుండి తిరిగొచ్చేసరికి వెదుళ్లలంకలో సగం చేప కథ బాగా ముదిరిపోయింది. ఆకివీడులో బస్సు దిగి ఆటో ఎక్కితే, ఆటో అతను చెప్పిన చేప జానెడుంది. దారిలో ఎక్కిన కూరగాయలావిడ చెప్పేసరికి మూరెడైంది. ఊరి మొదట్లో పాలకేంద్రం దగ్గర నిలబడ్డవాళ్లకైతే దాన్ని చూపించడానికి రెండు చేతులూ చాలలేదు. ఒకాయన పక్కాయన చెయ్యి కూడా పట్టుకుని చాపాడు.

"ఇంతకీ ఎవరి చెరువులోనండీ?" అని అడిగింది నాగమణి, సంచి చెయ్యి మార్చుకుంటూ.

"మీ చెరువులోనేనమ్మా," అన్నారు అందరూ ఒక్కసారిగా.

ఆమె పరుగులాంటి నడకతో ఇంటికెళ్లింది. అప్పటికే మొగుడు దుర్గారాజు మోటార్ సైకిలు మీద కూర్చుని, కిక్కు మీద కిక్కు కొడుతున్నాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"ఏవండీ, ఏంటంటున్నారు ఊళ్లో..."

"అవన్నీ అమ్మ చెబుతుందిలే. నేను ఆకివీడు వెళ్లాలి. తాడేపల్లిగూడెం నుంచి మేడం గారు వస్తున్నారు, మా అక్క కూతురు హర్షిణి చదివే కాలేజీలో మేడం. ఇదిగో, ఐసు పెట్టెలో చేపుంది చూడు, అది మేడం గారికి. జాగ్రత్త. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

అంతలో బండి స్టార్టయింది. అది ఎప్పుడో గానీ అవదు కాబట్టి, అయినప్పుడు దుర్గారాజు ఇక ఎవరికోసమూ ఆగడు. వెళ్లిపోయాడు.

మిగతా కథ అత్తగారు వరలక్ష్మి చెప్పింది. వాళ్ల చెరువు ఉప్పుటేటిలో కలిసే కాలువ పక్కనే ఉంటుంది. ఈ వేసవిలో చేపల పట్టుబడి చేద్దామని నీరు సగానికి సగం తగ్గించారు. మొన్న పొద్దున్న, సరుకు ఎలా ఉందో చూద్దామని వల వేసి ఒక పక్క లాగారు. బొచ్చెలూ శీలావతులూ నవనవలాడుతూ పడ్డాయి. వాటి మధ్య ఒకటి పడింది. ఒకవైపు బురద రంగు, రెండోవైపు సున్నం కొట్టినట్టు తెలుపు. తెల్లవైపు కన్నన్నదే లేదు.

వల మనుషులకి పెద్ద ముసలయ్య. ఆయన దాన్ని తోకపట్టి ఎత్తి, ఇటు తిప్పి అటు తిప్పి, గబుక్కున కింద పడేశాడు.

"ఇది సగం చేపరా," అన్నాడు. "నిలువునా చీరినట్టుంది. ఒక సగమే వచ్చింది."

"అయితే ఏమైంది బాబాయ్?" అన్నాడు దుర్గారాజు.

"ఏమవడమేంటయ్యా. మిగతా సగం ఇంకా చెరువులోనే ఉన్నట్టు కదా. దీనికోసం తిరుగుతూ ఉంటుంది."

అంతే, నీళ్లలో ఉన్న మనుషులందరూ గట్టు మీదున్నారు. మళ్లీ దిగమంటే దిగలేదు. సెల్ ఫోన్ల దుకాణం పెట్టుకుని, దాంతోపాటు ఒక ఛానల్ కూడా నడిపే ఫణికిరణ్ వచ్చి వీడియో తీసుకుపోయాడు. అందులో పావు వంతు సేపు అతని మొహమే ఉంది. మిగతా ముప్పావు సేపూ చేప ఉంది గానీ, దాని మీద పెద్ద ఎర్ర బాణం గుర్తూ, చుట్టూ ఒక వలయమూ, కింద మంటలూ పెట్టాడు. సరిగ్గా బాణం మొన ఉన్నచోటే చేప తల ఉంది. వీడియో సాయంత్రానికి ఏలూరు చేరింది. రాత్రికి చేపలు కొనే జగ్గారావు ఏలూరు నుంచి ఫోన్ చేశాడు.

"దుర్గారాజు గారూ, ముందు అదేం చేపో తేల్చండి, తర్వాత లారీ పంపుతాను. మార్కెట్లో మీ చెరువు సరుకంటే, కళ్లు రెండువైపులా ఉంటాయా ఒకవైపే ఉంటాయా అని అడుగుతున్నారండీ."

"ఎండలు చూడబోతే ఇలా ఉన్నాయి," అంది వరలక్ష్మి. "చెరువులో నీళ్లు మోకాటి లోతుకొచ్చేశాయి. ఇంకా రెండు రోజులు ఆగితే చేపలు తేలిపోతాయంట. వాడికి రాత్రి నిద్ర కూడా లేదు."

"మీరు చూశారా అత్తయ్యా ఆ చేపని?"

"నేనెక్కడ చూశానే. ఈ మోకాళ్లతో గట్టు దాకా వెళ్లగలనా? మనిషంత ఉందంట. తలుచుకుంటేనే భయం."

"మరి ఈ మేడం గారెందుకొస్తున్నారు?"

"చెరువు చూడ్డానికంట."

పాపం అంత దూరం నుంచి చెరువు చూడ్డానికొచ్చే మనిషికి అన్నం పెట్టకుండా పంపితే బాగుండదు. మొగుడు ఆ కంగారులో కూడా ఆ మాట మరిచిపోకుండా చేప తెచ్చి ఐసులో పెట్టాడంటే నాగమణికి ముచ్చటేసింది. వెళ్లి పెట్టె మూత తీసింది. ఐసు ముక్కల కింద, మైనపు కాగితంలో ఒకే ఒక్క చేపుంది. జానెడుకి కొంచెం ఎక్కువ. దాన్ని చూసి ఆమె మనసు చివుక్కుమంది.

"ఇదేంటండీ అత్తయ్యా, ఐసు బరువుకి నలిగి అట్టలా అయిపోయింది!"

నిజంగానే అట్టలా ఉంది. పైగా రెండు కళ్లూ ఒకే పక్కకి వచ్చేసున్నాయి. ఎంత బరువు పడితే కన్ను అటునుంచి ఇటు జరిగిపోతుందో పాపం అనుకుంది నాగమణి. ఊళ్లో మనిషంత చేప తిరుగుతుండగా ఈ జానెడు దాని మీద ఆమెకి ఇంకో ఆలోచన రాలేదు. చదువుకున్నవాళ్లకి ముళ్లు తక్కువున్న చేపంటే ఇష్టం కాబోలు, అందుకే వెతికి తెచ్చినట్టున్నాడు అని కూడా అనుకుంది.

దొడ్లో చెట్టు మామిడికాయ కోసింది. మంచి పులుపు. చేపని బూడిద వేసి రుద్దింది, పొలుసు తీసింది, ఐదు ముక్కలు చేసింది. చింతపండు పక్కనబెట్టి మామిడికాయతోనే పులుసు పెట్టింది. సన్న మంట మీద, గరిట పెట్టకుండా, గిన్నె పట్టుకుని కుదుపుతూ, పుట్టింట్లో నేర్చుకున్నట్టు ఓపిగ్గా వండింది. వాసన వీధిలోకి వెళ్లింది.

*

మేడం గారి పేరు ఉషశ్రీ. కాలేజీలో జువాలజీ చెబుతుంది. ముప్పై దాటిందో లేదో అన్నట్టుంది మనిషి. భుజానికి పెద్ద సంచి, అందులో చేపల్ని నిలవబెట్టే మందు సీసాలూ, భూతద్దమూ, కొలబద్దా. దుర్గారాజు బండి వెనక కూర్చుని వచ్చేసరికి జుట్టంతా రేగిపోయి, మొహం ఎండకి కందిపోయింది. అయినా దిగుతూనే, "చేప ఏదండీ?" అంది.

"ముందు కాళ్లు కడుక్కోండి మేడం గారూ. చేప ఎక్కడికీ పోదు," అన్నాడు దుర్గారాజు. ఆ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా వస్తే ముందు భోజనం, తర్వాతే పని. ఉషశ్రీ పొద్దున్న ఆరింటికి తాడేపల్లిగూడెంలో బయల్దేరి, భీమవరంలో బస్సు మారి, ఉండి అనే ఊరు దాటాక ఒక గంట దారిలో నిలిచిపోయి వచ్చింది. ఆకలి మీదుంది. పైగా ఆ వాసన. కాళ్లు కడుక్కుని కూర్చుంది.

అరిటాకు వేశారు. దుర్గారాజు గట్టు మీద మనుషుల్ని కేకేసి వస్తానని వెళ్లాడు. నాగమణి దగ్గర కూర్చుని వడ్డించింది. నాలుగు ముక్కలు మేడం గారికి, తోక ముక్క అత్తగారికి.

"మొహమాటపడకండి మేడం గారండీ. మీ కోసమనే వండాను."

"ఎంత బాగుందండీ! మెత్తగా వెన్నలా ఉంది. ఇంత రుచైన పులుసు నేను తినలేదు అక్కా, ఒట్టు."

అక్కా అని పిలిచేసరికి నాగమణి ఇంకో గరిటెడు పులుసు పోసింది. ఉషశ్రీ మూడో ముక్క దగ్గర కొంచెం నెమ్మదించింది. నోట్లోంచి ఒక ముల్లు తీసి ఆకు పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. వంగి చూసింది. ముక్క రెండు అంచులకీ, పైనా కిందా, సన్న సన్న ముళ్లు దువ్వెన పళ్లలా వరసగా ఉన్నాయి.

"అక్కా, ఇదేం చేపండీ?" అంది.

"మీ చేపేనండి."

"నా చేపంటే?"

"అదేనండీ, ఐసు పెట్టెలోది. మేడం గారికి అని మా ఆయన మరీ మరీ చెప్పి వెళ్లారు."

ఉషశ్రీ చెయ్యి ఆకు మీద అలాగే ఆగిపోయింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన దుర్గారాజు కూడా ఆ మాట విన్నాడు. ఆకు వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు.

"వండేశావా?"

"మరి మేడం గారికి అన్నారు కదండీ!"

"చూడ్డానికే! తినడానికి కాదే! సగం చేప అదేనే!"

ఆ వీడియోలో మంటల మధ్యనున్నది, ఊళ్లో మగాళ్లు చేతులు చాపి చూపించేది, తను మామిడికాయ వేసి వండిందీ ఒకటేనన్న సంగతి మెల్లిగా నాగమణి తలకెక్కింది. ఆ ఎక్కడంలో ముందు భయం, వెనకాల సిగ్గు వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వరలక్ష్మి మాత్రం ఏమీ జరగనట్టు తోక ముక్క నోటి దగ్గర పెట్టుకుంది.

"అత్తయ్య గారూ, ఆగండి!" అని అరిచింది ఉషశ్రీ. "ఆ ముక్క మింగకండి. ముళ్లు నాకివ్వండి."

"ఇంత పెద్ద చదువు చదివి ఎంగిలి ముళ్లేంటమ్మా," అంటూనే వరలక్ష్మి తీసిచ్చింది.

ఉషశ్రీ కాసేపు తల పట్టుకుని కూర్చుంది. తర్వాత ఆమె భుజాలు కదలడం చూసి, ఏడుస్తోందేమోనని నాగమణి హడిలిపోయింది. ఏడవడం లేదు. నవ్వుతోంది.

"ఆరేళ్లుగా చేపల మీద పని చేస్తున్నాను అక్కా. తిన్నాక పేరు కనుక్కోవడం ఇదే మొదలు."

చెయ్యి కడుక్కుని, ఆకు మీద ఎంగిలి ముళ్లన్నీ ఏరి, తడిగుడ్డ మీద ముందు నుంచి తోక దాకా వరస ప్రకారం పేర్చింది. నాగమణి పొయ్యి దగ్గర పారేసిన తల వెతికి తెద్దామని పరిగెత్తింది గానీ, పక్కింటి పిల్లి దాన్ని ఎప్పుడో పట్టుకుపోయింది.

"తల లేకపోయినా పరవాలేదు. వండేముందు మీరు చేత్తో పట్టుకున్నారు కదా, అడిగినవాటికి చెప్పండి. తోక విడిగా ఉందా, రెక్కల్లో కలిసిపోయిందా?"

నాగమణి కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "రెక్క కోద్దామని వీపు దగ్గర కత్తి పెట్టానండీ. ఎక్కడా ఆగకుండా తోక మీదుగా తిరిగి పొట్టవైపుకి వచ్చేసింది. తోక ఎక్కడుందో తెలియలేదు."

"పక్కల రెక్కలు? బొచ్చెకి ఉంటాయే, చెవుల దగ్గర, అలాంటివి?"

"లేవండి. పట్టు దొరక్క జారిపోయింది, అందుకే బూడిద వేశాను."

ఉషశ్రీ మొహం వెలిగింది. "ఇంకొక్కటే. కళ్లు ఎడమవైపున్నాయా, కుడివైపున్నాయా?"

అక్కడ గొడవొచ్చింది. నాగమణి ఎడమంది. దుర్గారాజు కుడి అన్నాడు. ఎవరికెడమ, ఎవరికి కుడి అని ఉషశ్రీ అడిగేసరికి ఇద్దరూ తికమకపడ్డారు. చేతులు తిప్పి చూసుకున్నారు, తలలు వంచి చూసుకున్నారు. చివరికి ఉషశ్రీ అంది:

"అన్నయ్య గారూ, ఏమీ అనుకోకపోతే మీరొకసారి చేపలా పడుకోండి."

"నేనా?"

"మీరు కాకపోతే మేడం గారు పడుకుంటారా," అంది వరలక్ష్మి.

దుర్గారాజు వాకిట్లో, సిమెంటు మీద, ఒక పక్కకి తిరిగి పడుకున్నాడు. చేతులు ఒంటికి ఆనించుకున్నాడు. నాగమణి మీద నిలబడి చూసింది.

"కాదండీ, నేను చూసినప్పుడు పొట్ట నా వైపుంది. తల పొయ్యి వైపు. ఇటు తిరగండి. ఊహూ, బోర్లా కాదు. కాళ్లు రెండూ దగ్గరపెట్టండి, తోక అంత వెడల్పు లేదు."

"సరిగ్గా చెప్పి చావవే, నేల కాలిపోతోంది!"

అతను తల పొయ్యి వైపుకీ, పొట్ట పెళ్లాం వైపుకీ పెట్టి తిరిగి పడుకునేసరికి, కుడి చెయ్యి నేలకి ఆనింది, ఎడమ చెంప పైకి వచ్చింది. "ఇదిగో, కళ్లు ఇక్కడ, పైకొచ్చిన చెంప మీద!" అని నాగమణి ఎగిరి గంతేసింది.

గేటు దగ్గర ఎవరో దగ్గారు. కేకేసిన మనుషుల్ని వెంటబెట్టుకుని ముసలయ్య వచ్చి నిలబడ్డాడు. వాకిట్లో చేపలా పడుకున్న దుర్గారాజుని చూసి, ఆ వెనకున్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు.

"అమ్మాయ్," అన్నాడు ముసలయ్య, చాలా మెల్లగా, "అబ్బాయికి కూడా పట్టిందా?"

*

అతనికి ఏమీ పట్టలేదని నమ్మించడానికి చాలాసేపు పట్టింది. దుర్గారాజు లేచి, నడిచి, ఒక గ్లాసు నీళ్లు తాగి చూపించాక గానీ మనుషులు గేటు లోపలికి రాలేదు.

ఉషశ్రీ అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. అది సగం చేప కాదు, పూర్తి చేపే. నాలుక ఆకారంలో ఉంటుంది కాబట్టి ఇంగ్లీషులో టంగ్ సోల్ అంటారు. కళ్లు ఎడమవైపుంటాయి, రెక్క తోకతో కలిసిపోతుంది. సముద్రం ఒడ్డున, ఏరు సముద్రంలో కలిసేచోట, అడుగున ఇసకలోనో బురదలోనో ఒక పక్కకి ఒరిగి పడుకుంటుంది. పైకి కనిపించే పక్క బురద రంగు, నేలకానే పక్క తెలుపు. పుట్టినప్పుడు దానికీ అన్ని చేపల్లాగే అటొకటి ఇటొకటి కళ్లుంటాయి. కొంచెం పెరిగేసరికి ఒక కన్ను తల మీదుగా రెండోవైపుకి వచ్చేస్తుంది. వేసవిలో కొల్లేట్లో నీరు తగ్గినప్పుడు సముద్రపు పోటు ఉప్పుటేటిలోకి ఎగదన్నుతుంది. ఆ ఉప్పునీటితో పాటు గోరంత పిల్లలు పైకొచ్చి, కాలువలో పడి, ఇంజను పెట్టి చెరువు నింపినప్పుడు ఇందులోకి వచ్చేశాయి.

ముసలయ్య మొదటి నుంచీ చివరి దాకా తలూపుతూ విన్నాడు. అంతా అయ్యాక అన్నాడు: "బాగా చెప్పారండి. మరి మిగతా సగం ఎప్పుడు తీస్తారు?"

ఉషశ్రీ ఊపిరి గట్టిగా పీల్చుకుంది. "పదండి. చూపిస్తాను. పిల్లలు ఒక్కొక్కటిగా రావు. ఇంకా ఉండే ఉంటాయి."

చెరువు నిజంగానే మోకాటి లోతుకి వచ్చింది. గట్టు మీద నుంచి చూస్తే నీళ్ల మీద చేపల మూతులు గాలి కోసం బుడబుడలాడుతున్నాయి. దుర్గారాజు ఆ బుడగల్ని చూడలేక మొహం తిప్పుకున్నాడు. నీళ్లు వచ్చే తూము దగ్గర బురద మెత్తగా ఉంటుందని, ఉంటే అక్కడే ఉంటాయని ఉషశ్రీ సల్వారు పైకి మడుచుకుని దిగిపోయింది. "కాళ్లు ఎత్తి వెయ్యకూడదు, నేలకి రాస్తూ నడవాలి. కాలి కింద జారితే అదే," అని చెబుతూ నాలుగు అడుగులు వేసింది. ఐదో అడుగు పడలేదు. పిక్కల దాకా, తర్వాత మోకాళ్ల దాకా బురదలోకి దిగిపోయింది.

"అక్కా, కాలు రావట్లేదు!"

గట్టు మీదున్న పదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదల్లేదు. దుర్గారాజు తాడు కోసం మేత పాకలోకి పరిగెత్తాడు.

నాగమణికి నీళ్లంటే భయం లేదు. ఆమె భయం వేరు. ముసలయ్య మాటే నిజమై, మిగతా సగం నిజంగా లోపల తిరుగుతుంటే, దానికి ఈ ఊళ్లో అందరికన్నా ముందు పని పడేది తనతోనే. మొదటి సగాన్ని ఐదు ముక్కలు చేసింది తను. తిన్నదేమో అక్కడ మోకాళ్ల దాకా కూరుకుపోయి ఉంది. అంత అమాయకంగా నవ్వి, అక్కా అని పిలిచి, ఎంగిలి ముళ్లు ఏరుకున్న పిల్ల! దాన్ని అలా వదిలేస్తే తనకి అన్నం సయిస్తుందా? నాగమణి చీర కుచ్చిళ్లు దోపుకుని, కనిపించని దేవుళ్లందరికీ ఒక దణ్ణం పెట్టి, దిగింది.

ఉషశ్రీ చెయ్యి అందుకుని లాగింది. ఆ పిల్ల కాలు బుళుక్కున ఊడి వచ్చింది. ఆ ఊపుకి నాగమణి వెనక్కి తూలి, కుడికాలు గట్టిగా ఊనింది. కాలి కింద నేల కదిలింది.

"ఓయమ్మో! వచ్చేసింది! మిగతా సగం వచ్చేసింది!"

"కాలు తియ్యకండి!" అని ఉషశ్రీ కేక. "అలాగే నిలబడండి అక్కా, తియ్యకండి!"

"తినెయ్యదు కదండీ?"

"దాని నోరు నా చిటికెన వేలంత కూడా లేదు!"

నాగమణి కళ్లు గట్టిగా మూసుకుని, మునివేళ్లు మాత్రం బిగించి నిలబడింది. ఉషశ్రీ నీళ్లలో చేతులు పెట్టి, ఆమె పాదం చుట్టూ తడిమి, గుప్పెడు బురదతో సహా ఎత్తింది. బురద జారిపోయాక అరచేతుల్లో ఒక చేప మిగిలింది. నాలుకలా పల్చగా, గోధుమ రంగులో, అంచు చుట్టూ కుచ్చులా రెక్క కదుపుతూ ఉంది. దాని రెండు కళ్లూ ఒకే వైపు, ఒకదాని పక్కన ఒకటి, దేనికదే తిరుగుతున్నాయి. ఒక కన్ను ఉషశ్రీని చూస్తే రెండోది నాగమణిని చూసింది.

గట్టు మీదకి తెచ్చి ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లూ అడుగున బురదా పోసి వదిలారు. చేప రెండుసార్లు అంచులు విదిల్చింది. బురద లేచి దాని మీదే కూర్చుంది. చేప కనిపించడం మానేసింది. కళ్లు రెండూ మాత్రం గసగసాల్లా పైకి తేలి ఉన్నాయి. మనుషులు ఒకరి భుజం మీద నుంచి ఒకరు వంగి చూశారు.

ముసలయ్య చెయ్యి పెట్టి దాన్ని పైకి తీసి, తిప్పి చూశాడు. కింద తెలుపు. కన్ను లేదు. ఆయన మొహం మీద ముడతలన్నీ విచ్చుకున్నాయి.

"ఒరేయ్, దొరికిందిరా! మిగతా సగం దొరికింది! అదొకటి, ఇదొకటి. తెలుపూ తెలుపూ కలిపితే నిండు చేప. ఇంక లోపలేం లేదు. దిగండ్రా!"

"అది కాదండీ," అంది ఉషశ్రీ. "ఇది సగం కాదు. దీని కళ్లూ ఎడమవైపే ఉన్నాయి. తెలుపూ తెలుపూ కలిపితే, తలా తలా ఒకవైపుకి వస్తే ఒకదాని వీపు రెండోదాని పొట్ట మీదకి..."

నాగమణి ఆమె పాదం మీద తన పాదం వేసి తొక్కింది. బురద కాళ్లు రెండూ జారాయి గానీ, సంగతి అందింది. ఇది ఆ సగానికి జత కాదని తేలితే, రెండు వేరు వేరు సగాల తాలూకు మరో రెండు సగాలు ఇంకా చెరువులో ఉన్నట్టే. ఆ లెక్క ముసలయ్యకి రెండు క్షణాల్లో వచ్చేస్తుంది.

"సైన్సు కదా అక్కా," అంది ఉషశ్రీ, గుసగుసగా, బాధగా.

"కాదనడం లేదండీ. చేపలు మూతులు తేలేస్తున్నాయి. ముందు వల పడనివ్వండి. సైన్సు ఎక్కడికి పోతుంది?"

ఉషశ్రీ నీళ్ల మీద బుడగల వంక చూసింది. గట్టు మీద చెయ్యి నుదుటికి ఆనించుకుని నిలబడ్డ దుర్గారాజుని చూసింది. నోరు మూసుకుంది. అప్పటికే మనుషులు వల భుజాలకెత్తుకుని దిగుతున్నారు. దుర్గారాజు ఏలూరుకి ఫోన్ చేసి, "తేలిపోయిందండీ జగ్గారావు గారూ. దాని పేరు టంగ్ సోలంట. కావాలంటే మేడం గారితో మాట్లాడండి," అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఉషశ్రీ సరుకుకి ఏ జబ్బూ లేదని, మిగతా చేపలకి కళ్లు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయని హామీ ఇచ్చింది. లారీ పొద్దు వాలేలోపు వచ్చేసింది. సరుకంతా బతికుండగానే ఒడ్డెక్కింది. వలలో ఇంకో రెండు నాలుకలు పడ్డాయి గానీ, అప్పటికి పని జోరులో ఉండి ఎవరూ వాటి సగాల గురించి ఆలోచించలేదు.

అంతా అయ్యాక గట్టు మీద టీ తాగుతూ ముసలయ్యే ఉషశ్రీ పక్కకి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, ఆ కన్ను అటునుంచి ఇటు వెళ్తుందన్నారే. వెళ్లేటప్పుడు దానికి నొప్పెట్టదా?"

ఉషశ్రీ గ్లాసు కింద పెట్టింది. మధ్యాహ్నం నుంచి చెప్పిన పాఠంలో ఒక్క ముక్కైనా ఒకరి చెవిలో నిలిచిందని ఆమెకి అప్పుడు తెలిసింది. "మరీ పసితనంలోనే వెళ్లిపోతుందండీ. అప్పుడు ఎముకలు లేతగా ఉంటాయి. నొప్పి ఉండకపోవచ్చు."

"పసితనంలో అయితే ఫరవాలేదు లెండి," అన్నాడు ముసలయ్య తృప్తిగా. "పెద్దయ్యాక జరిగితే కష్టం."

*

తొట్టిలో వేసిన ఆ చేపని, చెరువులకి చేపపిల్లల్ని తెచ్చే పద్ధతిలోనే, ప్లాస్టిక్ సంచిలో నీళ్లు పోసి గాలి పట్టించి మూతి కట్టి, ఉషశ్రీ తాడేపల్లిగూడెం పట్టుకెళ్లింది. వెంట ఒక క్యాను నిండా ఉప్పుటేటి నీళ్లు. కాలేజీ ల్యాబులో గాజు తొట్టి కట్టి, అడుగున సన్న ఇసక పోసి, అందులో వదిలింది. వారం తిరక్కుండా నాగమణికి ఫోన్ వచ్చింది.

"అక్కా, కొత్త గొడవొచ్చింది. మా ప్రిన్సిపాల్ పాండురంగారావు గారు ఖాళీ తొట్టికి కరెంటెందుకు తగలేస్తున్నావమ్మా అంటున్నారు. ఉందంటే నమ్మరు. ఆయనొచ్చినప్పుడల్లా ఇసకలోకి దిగిపోతుంది. మీరొకసారి రాకూడదూ?"

"నేనొచ్చి ఏం చెయ్యనండీ?"

"ఏమీ వద్దు. చూసిపోండి. నాకు అన్నం పెట్టారు, నేను పెట్టొద్దా?"

నాగమణి కాలేజీ గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. మంచి చీర కట్టుకుని, మొగుడితో, అత్తగారికి జాగ్రత్తలు చెప్పి, బస్సెక్కింది. ల్యాబులో మందు వాసన. సీసాల్లో తెల్లగా పాలిపోయిన పాములూ కప్పలూ. హర్షిణీ, తోటి ఆడపిల్లలూ తొట్టి చుట్టూ మూగి ఉన్నారు. పాండురంగారావు గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. తొట్టిలో నీళ్లూ ఇసకా తప్ప ఏమీ లేదు. ఉషశ్రీకి కూడా ఆ పూట అది ఎక్కడుందో కనిపించలేదు.

"చూడమ్మా, నేనన్నది అదే," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "ఉన్నట్టుంటే కనపడాలి కదా."

అందరూ తొట్టినే చూస్తూ నిలబడ్డారు. గంట కొట్టినా ఎవరూ క్లాసులకి కదల్లేదు. దుర్గారాజు కిటికీ దగ్గర ఒక కుర్చీ చూసుకుని కూర్చుని కునుకు తీశాడు. చాలాసేపటికి తొట్టి మూలన ఇసక పిసరంత కదిలింది. రెండు చిన్న కళ్లు, ఒకదాని పక్కన ఒకటి, మెల్లిగా పైకి లేచాయి. ఒకటి ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగింది. రెండోది నాగమణి మీద నిలిచింది.

ఆడపిల్లలందరూ ఒకేసారి హో అని అరిచారు. పాండురంగారావు గారు అంతటి మనిషీ కళ్లజోడు తీసి తుడుచుకుని, గాజుకి ముక్కు ఆనించి వంగారు. అంత పెద్ద కాలేజీలో, అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య చేపని ఏకవచనంలో పలకరించడం మర్యాద కాదనిపించింది నాగమణికి. కొంగు సర్దుకుని, కొంచెం ముందుకి వంగింది.

"బాగున్నారా అండీ?" అంది.